మాజీ సైనికుల పెద్దదిక్కు కరియప్ప గారు

జనవరి 15 అంటే మనకు ఆర్మీ డే. 1949లో ఆ రోజున జనరల్ రాయ్ బుచర్ నుంచి కరియప్ప గారు సైన్యం పగ్గాలు అందుకున్నారని రిక్రూట్లుగా ఉన్నప్పుడే మనకు ఉస్తాదులు నేర్పారు. ఆయన యూనిఫాం విప్పాక గడిపిన నలభై ఏళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నాకు పెన్షన్ వచ్చాకే తెలిసింది, అదీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో.

పదిహేడేళ్లు సిగ్నల్స్‌లో చేసి ఊరికొచ్చాను. నా కాగితాల్లో మా ఆవిడ పేరు ఒక అక్షరం తప్పు పడింది. రేపు నాకేమైనా అయితే ఆ ఒక్క అక్షరం ఆవిడ ఫ్యామిలీ పెన్షన్‌కి అడ్డం పడుతుంది. ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాను. సరిహద్దులో కాపలా కాసినవాడికి సొంత మండలంలో తెలిసిన మొహం ఒక్కటి లేదు! చివరికి సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే, అక్కడ గుమాస్తా ఒక రిటైర్డ్ నాయక్. గోడమీద కరియప్ప గారి ఫోటో. దరఖాస్తు రాస్తూనే ఆయన కథ చెప్పుకొచ్చాడు. తర్వాత నేనూ కొంత చదివాను.

కరియప్ప గారు 1899 జనవరి 28న కొడగులోని శనివారసంతెలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖ ఉద్యోగి. (మన పనులన్నీ చివరికి ఆ శాఖ దగ్గరికే చేరతాయి కదా అని నవ్వుకున్నాను.) మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1919లో ఇండోర్‌లో శిక్షణ ముగించి కమిషన్ పొందారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇళ్లకు తిరిగొచ్చిన జవాన్ల కోసం ప్రభుత్వం ఇండియన్ సోల్జర్స్ బోర్డు పెట్టిందీ ఆ 1919లోనే. 1975 నుంచి దాని పేరు కేంద్రీయ సైనిక్ బోర్డు. దాని కింద రాష్ట్రానికొక బోర్డు, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మరొకటి.

1942లో బెటాలియన్‌కు కమాండరైన మొదటి భారతీయుడు ఆయనే. 1947-48 కాశ్మీర్ యుద్ధం సంగతి మీకు తెలిసిందే. ఆయన చీఫ్‌గా ఉన్న 1949లోనే డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం మొదలైంది. 1953లో రిటైరయ్యారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు హైకమిషనర్‌గా వెళ్లొచ్చి మడికేరిలో స్థిరపడ్డారు.

అంతటి మనిషి హాయిగా కాఫీ తోటలు చూసుకుంటూ కూర్చోవచ్చు. కూర్చోలేదు. 1964లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగ్ ఏర్పాటుకు ఆయనే ముందు నిలిచారు. విడివిడిగా ఉన్న సంఘాలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఆఫీసరూ జవానూ ఒకే సంఘంలో సభ్యులు. జిల్లాల్లో దానికి శాఖలు ఏర్పడ్డాయి. నా దృష్టిలో అసలు మేలు అదే. భూమి పట్టా తహశీల్దారు దగ్గర, ఇంటిపన్ను పంచాయతీ దగ్గర, పిల్లల సీటుకి సర్టిఫికెట్టు ఇంకోచోట. ఢిల్లీలో ఎంత మంచి ఉత్తర్వు వచ్చినా జిల్లాలో అడిగేవాడు లేకపోతే అది ఫైల్లోనే ఉంటుంది. ఒంటరి హవల్దారు అడగటం వేరు, జిల్లా శాఖ తరఫున పదిమంది కలెక్టరు గారి ముందు కూర్చోవటం వేరు.

1965 యుద్ధం చివర్లో ఆయన కొడుకు, ఫ్లైట్ లెఫ్టినెంట్‌గా విమానం నడుపుతూ కూలిపోయి పాకిస్తాన్‌కు బందీగా చిక్కాడు. అక్కడ అధికారంలో ఉన్న అయూబ్ ఖాన్ ఒకప్పుడు కరియప్ప గారి కింద పనిచేసినవాడే. కొడుకును ప్రత్యేకంగా వదిలిపెడతామని కబురు వస్తే ఆయన ఒప్పుకోలేదు, బందీలందరినీ తన బిడ్డలుగానే చూడమన్నారు. తండ్రిగా ఆ రాత్రి ఎలా నిద్రపట్టిందో! నాకూ ఫౌజులో ఉన్న కొడుకున్నాడు, అందుకే ఈ ఘట్టం దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.

1986లో, ఎనభై ఏడో ఏట, ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చారు. 1993 మే 15న బెంగళూరులో కన్నుమూశారు.

ఆ నాయక్ రాసిన దరఖాస్తు రికార్డు ఆఫీసుకి, అక్కణ్ణుంచి అలహాబాదుకి వెళ్లింది. పదకొండు నెలలకి సరిచేసిన పి.పి.ఓ. వచ్చింది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తన పేరు రెండుసార్లు చదువుకుని, బీరువాలో పట్టుచీర కింద దాచింది.