స్టీఫెన్ డగ్లస్

స్టీఫెన్ ఆర్నాల్డ్ డగ్లస్ (ఏప్రిల్ 23, 1813 - జూన్ 3, 1861) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ రాజకీయ నాయకుడు. వెర్మాంట్ రాష్ట్రంలోని బ్రాండన్‌లో జన్మించాడు. 1847 నుండి మరణించేవరకు ఇల్లినాయిస్ సెనేటరుగా ఉన్నాడు.

కాన్సాస్, నెబ్రాస్కా ప్రాంతాలలో బానిసత్వాన్ని 1820 నాటి మిస్సోరీ ఒప్పందం నిషేధించింది. డగ్లస్ రూపొందించిన 1854 నాటి చట్టం ఆ నిషేధాన్ని తొలగించి, నిర్ణయాన్ని అక్కడ స్థిరపడిన శ్వేతజాతీయులకు వదలిపెట్టింది. బానిసల అభిప్రాయానికి అందులో చోటు లేదు. దీనితో వివాదం సద్దుమణుగుతుందని అతడు ఆశించాడు. కానీ కాన్సాస్‌లో ఇరుపక్షాలూ ఆయుధాలు పట్టాయి. బానిసత్వ విస్తరణను వ్యతిరేకిస్తూ ఉత్తరాదిన రిపబ్లికన్ పార్టీ ఆవిర్భవించింది.

1860 అధ్యక్ష ఎన్నికలలో డెమోక్రటిక్ పార్టీ చీలిపోయింది. ఉత్తరాదివారు డగ్లస్‌ను, దక్షిణాదివారు బ్రెకిన్‌రిడ్జ్‌ను నిలబెట్టగా, రిపబ్లికన్ అభ్యర్థి లింకన్ గెలిచాడు. 1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డగ్లస్ దేశ సమైక్యత కోసం తన ప్రత్యర్థి లింకన్‌కే మద్దతు పలికాడు. రెండు నెలలు తిరగకముందే చికాగోలో మరణించాడు.