రేచెల్ కార్సన్ చరిత్రము

నాచారమున రాష్ట్ర ఆహార ప్రయోగశాల గలదని మన విద్యార్థులలో పెక్కుర కెఱుకయే. ఆహారపదార్థములను పరీక్షించి దోషములను కనిపెట్టుట దాని పని. కంటికిఁ గానరాని విషము కాయగూరలలో నిలిచియుండునను సంగతిని లోకమునకు గట్టిగాఁ జాటిన యొక స్త్రీ చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను.

రేచెల్ కార్సన్ 1907వ సంవత్సరము మే 27వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియాయందు స్ప్రింగ్‌డేల్ అను నూర జన్మించెను. తల్లి ప్రెస్బిటేరియను బోధకుని కుమార్తె. వివాహమునకుఁ బూర్వము ఉపాధ్యాయిని. ఆమెయే బిడ్డను తోటలవెంబడిఁ ద్రిప్పి పక్షులను బురుగులను జూపెడిది. పదునొకండవ యేట రేచెల్ వ్రాసిన కథ బాలల పత్రికలో నచ్చుపడెను. ఇంట బీదఱికము. కూఁతు కాలేజి జీతమునకై తల్లి పింగాణి పాత్రలను సైత మమ్మినది. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్ర పట్టమందెను. 1935లో తండ్రియు, పిమ్మట అక్కయు మరణింపఁగా, తల్లిని, అక్క కుమార్తెలను పోషించు భార మామెపైఁ బడెను. ప్రభుత్వ మత్స్యశాఖలో నుద్యోగము చేయుచు రాత్రులు గ్రంథములు వ్రాసెను. సముద్రమును గూర్చి 1951లో వెలువరించిన గ్రంథము మిగులఁ బేరొందుటచే మఱుసటియేఁడు ఉద్యోగమును విడిచెను.

1958లో నొక స్నేహితురాలియొద్దనుండి జాబు వచ్చెను. దోమలకై విమానమునుండి డి.డి.టి. చల్లఁగాఁ దన తోఁటలోని పక్షులు చచ్చిపడినవని యందలి సంగతి. కార్సన్ నాలుగేండ్లు శాస్త్రజ్ఞుల వ్రాఁతలను శోధించెను. డి.డి.టి. నీటఁ గరుగదు, క్రొవ్వునఁ గరుగును. మందు చల్లిన గడ్డిని ఆవు మేయును. విషము పాలలోనికి, వెన్నలోనికి, తుదకు మన దేహములోని క్రొవ్వులోనికిఁ జేరి పేరుకొనును. తల్లిపాలలోఁ గూడ దానిని గనుగొనిరి. మన తల్లు లుప్పల్ సంతలోఁ గొన్న కూరలను గడుగుట మంచిదే. పైనంటిన మందు కొంత పోవును. కాని మోనోక్రోటోఫాస్ వంటివి మొక్క రసములోనే ప్రవేశించును గనుక నీరు వానిని దీయఁజాలదు. కూరగాయలపై దాని వాడుకను మన దేశమున 2005లో నిషేధించిరి. 2020 డిసెంబరులో ఏలూరున ఆఱువందలకుఁ బైగా జనులు మూర్ఛలతోఁ బడిపోయినప్పుడు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారికి నమూనాలలోఁ బురుగుమందుల శేషములు కనఁబడెను. ఢిల్లీ వైద్యులకు సీసము, నికెల్ కనఁబడెను. ఇట్టి వానిలోఁ గారణమును నిర్ణయించుట యెంత కష్టమో చూడుఁడు.

1960లో నామెకు రొమ్ముపుండు శస్త్రచికిత్స జరిగెను. వ్యాధి ముదురుచున్నను దాఁచిపెట్టి వ్రాఁత సాగించెను. 1962లో "సైలెంట్ స్ప్రింగ్" వెలువడెను. మందుల కంపెనీలవారు పరిహసించిరి; ఒకరు వ్యాజ్యము వేయుదుమని బెదరించిరి. మందులన్నియు మానవలెనని యామె యనలేదు. ఎఱిఁగి, మితముగా వాడుమనినది. ఈ భేదమును విరోధులు కావలెననియే మఱచిరని నా యభిప్రాయము. 1963లో అధ్యక్షుఁడు కెనడీ నియమించిన శాస్త్రజ్ఞుల సంఘ మామె హెచ్చరికను బలపఱచెను. నడువలేని స్థితిలో నా యక్టోబరున చక్రముల కుర్చీపైఁ గాలిఫోర్నియాలోని మహావృక్షములను జూచివచ్చెను. 1964 ఏప్రిలు 14న, ఏఁబదియాఱవ యేట మృతినొందెను. తల్లి చనిపోఁగా దానుఁ బెంచుకొన్న అక్కకూఁతురి కుమారుఁ డప్పటికిఁ బండ్రెండేండ్లవాఁడు. సేద్యమున డి.డి.టి.ని అమెరికా 1972లోను, మన దేశము 1989లోను నిషేధించెను.