పారతో కోటలు గెలిచిన వోబాన్

మట్టి పనంటే అందరికీ చులకనే. బిల్డింగ్ లేచాక గాజు అద్దాలు చూస్తారు గానీ, కింద గుంత తవ్విందెవరని ఒక్కరూ అడగరు. అదే మట్టి పనితో యూరప్‌లో యుద్ధం చేసే తీరునే మార్చేశాడు ఫ్రాన్స్ ఇంజినీర్ సెబాస్టియన్ వోబాన్. సైట్ల మీద సూపర్‌వైజర్లుగా బతుకుతున్న మాలాంటి వాళ్లకు ఆయన కథ దూరపు కథలా అనిపించదు.

వోబాన్ 1633లో బర్గండీ ప్రాంతంలోని ఓ చిన్న పల్లెలో పుట్టాడు. వంశం పెద్దదే గానీ చేతిలో డబ్బు ఆడేది కాదు. 1651లో రాజు మీద తిరగబడిన కాండే సైన్యంలో చేరాడు. రెండేళ్లకు రాజు సైన్యానికి దొరికిపోయాడు. ప్రధానమంత్రి మజారిన్ అతని పనితనం చూసి తమవైపు తిప్పుకున్నాడు. 1655కల్లా వోబాన్ రాజుగారి ఇంజినీరయ్యాడు.

అప్పటికి పాతకాలపు ఎత్తయిన రాతి గోడలు ఫిరంగి దెబ్బకు ఆగడం లేదు. దాంతో ఇటలీ వాళ్లు పొట్టిగా, మందంగా, లోపల మట్టి నింపిన గోడలు కట్టడం మొదలెట్టారు. మూలమూలకీ కోసుగా బురుజు పెట్టారు. ఏ వైపు నుంచి వచ్చినా గుండు తగలాల్సిందే. ఇలాంటి కోట మీదకు నేరుగా ఉరికితే సైనికులు గుట్టలుగా పడిపోయేవాళ్లు.

వోబాన్ దీనికి పారతో జవాబు చెప్పాడు. ముందు దూరంగా, కోటకు సమాంతరంగా ఒక కందకం తవ్వించేవాడు. అక్కణ్నుంచి వంకరటింకరగా ముందుకు తవ్వుకుంటూ పోవాలి. తిన్నగా తవ్వితే శత్రువు గుండు కందకం పొడవునా దూసుకొస్తుంది కదా! కొంత దూరం పోయాక రెండో సమాంతర కందకం, గోడ దగ్గరకొచ్చాక మూడోది. సైనికులు ఆ కందకాల్లోనే రక్షణగా ఉంటారు. 1673లో మాస్ట్రిక్ట్ దగ్గర ఈ పద్ధతి వాడితే, ఆ గట్టి కోట రెండు వారాల్లోపే లొంగిపోయింది. మంచి కోటను పట్టడానికి 48 రోజులని, రోజువారీగా పని లెక్క కూడా కట్టాడు. మన ప్రాజెక్టు షెడ్యూల్ లాంటిదే అది. తొందరపడి రక్తం పారించొద్దు, చెమటతో పని కానివ్వండి అన్నదే ఆయన పట్టుదల.

పట్టుకోవడమే కాదు, కట్టడంలోనూ దిట్టే. లీల్ నగరంలోని అయిదు మూలల నక్షత్రం కోట ఆయనదే. కొత్తవీ, బాగుచేసినవీ కలిపి దాదాపు 160 కోటల మీద ఆయన చెయ్యి పడింది.

మమ్మల్ని ఆకట్టుకున్నది మాత్రం 1683 జులైలో ఆయన యుద్ధమంత్రి లూవ్వాకు రాసిన లేఖ. రేట్లు మరీ తగ్గించి కాంట్రాక్టులు ఇస్తే పని తెలిసినవాళ్లు దూరమవుతారని, మిగిలేది మోసగాళ్లూ, చేతకానివాళ్లేనని, పనులు సగంలో ఆగిపోతాయని అందులో తేల్చి చెప్పాడు. పనికి తగ్గ ధర ఇచ్చి నిజాయితీపరుడితో చేయించమన్నాడు. తక్కువకు పాడిన టెండర్‌లో కోత చివరికి ఎవరి జీతం మీద పడుతుందో మనకు ఒకరు చెప్పాలా!

అలాగని ఆయన చేసిందంతా మంచే అనలేం. వెర్సాయ్ తోటలకు నీళ్లు తేవడానికి 1685లో మొదలైన మెంతెనాన్ కాలువ వంతెన పథకంలో వోబాన్ పాత్రా ఉంది. అక్కడ మట్టి పనికి పెట్టిన వేలమంది సైనికుల్లో చాలామంది జ్వరాలతో చనిపోయారు. యుద్ధం రావడంతో వంతెన సగంలోనే ఆగిపోయింది.

దేశమంతా తిరిగిన వోబాన్ రైతుల పేదరికాన్ని కళ్లారా చూశాడు. ప్రభువులూ, మతగురువులూ సహా అందరూ ఆదాయాన్ని బట్టి పన్ను కట్టాలని ఓ పుస్తకం రాశాడు. అప్పటికి, అంటే 1703 నుంచీ, ఆయన మార్షల్ హోదాలో ఉన్నాడు. అయినా 1707లో అనుమతి లేకుండా అచ్చువేసినందుకు రాజు సభ ఆ పుస్తకాన్ని నిషేధించింది. కొద్దివారాలకే, మార్చి 30న, పారిస్‌లో కన్నుమూశాడు.

ఆయన కోటల్లో 12 చోట్లను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి మట్టి మోసినవాళ్ల పేర్లు ఆ జాబితాలో లేవు. కానీ పనికి తగ్గ ధర గురించి మంత్రితో వాదించిన ఇంజినీర్ పేరుంది. మాకు అదే కాస్త ఊరట.