జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ (1764 - 1805) హైదరాబాదు నిజాము దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అనగా రెసిడెంటుగా, పనిచేసిన ఆంగ్లేయ అధికారి. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని నిర్మింపజేసినవాడుగా, ఖైరున్నీసా బేగంను వివాహమాడినవాడుగా ఇతడు ప్రసిద్ధుడు.

తొలి జీవితం

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో జన్మించాడు. తండ్రి కంపెనీ సైన్యంలో అధికారి. ఇతడు కూడా మద్రాసు సైన్యంలో చేరాడు. సవతి అన్న విలియం కిర్క్‌పాట్రిక్ హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్నప్పుడు 1795లో అక్కడకు వచ్చి, అతని తరువాత 1798లో ఆ పదవిని పొందాడు.

రాజకీయ జీవితం

1798లో నిజాం అలీఖాన్ (రెండవ అసఫ్ జా)తో సైన్య సహకార ఒప్పందం కుదిర్చి, నిజాము కొలువులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేయించాడు. 1800 అక్టోబరు 12న జరిగిన మరొక ఒప్పందంతో బళ్ళారి, అనంతపురం, కడప తదితర ప్రాంతాలు కంపెనీ వశమై దత్తమండలాలుగా పేరుపొందాయి. తుంగభద్ర ఇరు రాజ్యాలకు సరిహద్దు అయింది. పాలమూరు ప్రాంతంలోని నేటి జోగులాంబ గద్వాల జిల్లాకు దక్షిణపు హద్దు నేటికీ ఆ నదియే.

వివాహం

ఖైరున్నీసా హైదరాబాదులోని ఉన్నత సయ్యద్ కుటుంబానికి చెందిన యువతి. నిజాము దర్బారు ప్రముఖుడు మీర్ ఆలంకు బంధువు. ఆమెను వివాహమాడుటకు కిర్క్‌పాట్రిక్ ఇస్లాం మతం స్వీకరించాడు. ఈ సంబంధంపై గవర్నరు జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించినా ఇతని పదవి నిలిచింది. వీరికి 1801లో కుమారుడు, 1802లో కుమార్తె జన్మించారు. నిజాము ఇతనికి హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు.

రెసిడెన్సీ భవనం

మూసీ నది ఉత్తరపు ఒడ్డున 1803 ప్రాంతంలో నిర్మాణం ఆరంభమైంది. ఖర్చు నిజాము ప్రభుత్వానిది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ రూపశిల్పి. స్థలం కోరుతూ పెద్ద కాగితంపై గీసిన పటం చూపగా నిజాము నిరాకరించాడని, అదే పటాన్ని చిన్న చీటీపై గీసి ఇవ్వగా అంగీకరించాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఈ భవనం ఐరోపాలోని పల్లాడియన్ శైలికి చెందినది. ముఖద్వారం వద్ద ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటిపై త్రికోణాకారపు ముఖభాగం, విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపుల సింహాల విగ్రహాలు ఉన్నాయి. లోపల రెండంతస్తుల ఎత్తు గల దర్బారు హాలు ఉంది.

పరదా పాటించే ఖైరున్నీసా కొరకు భవనం వెనుక రంగ్ మహల్ అనే అంతఃపురం కట్టించాడు. ఇది పూర్తిగా దేశీయ పద్ధతిలో చిమ్మనగ్రోవులతో, చిత్రాలు గీసిన గోడలతో ఉండేది. ఆమె పెద్ద భవనపు ముందుభాగాన్ని చూడజాలదు కనుక దాని చిన్న నమూనాను తోటలో కట్టించాడని జనశ్రుతి. అది పిల్లల ఆటకై నిర్మించినదని మరికొందరి అభిప్రాయం.

మరణం, తరువాతి కాలం

1805లో పిల్లలిద్దరినీ చదువు కొరకు ఇంగ్లండుకు పంపారు. తల్లి వారిని మరల చూడలేదు. అధికార పనిపై కలకత్తా వెళ్ళిన కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరు 15న అక్కడే మరణించాడు. తాను తలపెట్టిన భవనం పూర్తికావడం అతడు చూడలేదు. ఖైరున్నీసా 1813లో హైదరాబాదులో మరణించింది. కుమార్తె కిట్టీ 1889 వరకు ఇంగ్లండులో జీవించింది.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు రెసిడెన్సీపై దాడి చేశారు. 1860 ప్రాంతంలో రంగ్ మహల్‌ను కూల్చివేశారు. అధికార భవనం నిలిచింది కాని, ఆ కుటుంబం నివసించిన ఇల్లు నేడు లేదు. 

1949లో ఈ ఆవరణలోకి మహిళా కళాశాల వచ్చింది. 2022లో అది విశ్వవిద్యాలయంగా మారింది. తరువాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆమె పోరాడిన పాలకుర్తి ప్రాంతం నాడు నల్గొండ జిల్లాలోనిది. ఒక స్త్రీ ముందువైపునుండి చూడలేకపోయిందని చెప్పుకునే భవనపు ఆవరణలో నేడు వేలాది విద్యార్థినులు చదువుకుంటున్నారు.