జో బ్రూక్స్

జో బ్రూక్స్ (1901 - 1972) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ మత్స్యవేట నిపుణుడు, రచయిత, పత్రికా సంపాదకుడు. నదులకు, సెలయేళ్లకు పరిమితమైన క్రీడగా చాలామంది భావించే ఫ్లై ఫిషింగును సముద్ర జలాలకు విస్తరింపజేసినవారిలో ఇతడు ముఖ్యుడు. చిన్న చేపలను పోలిన స్ట్రీమర్ అనే కృత్రిమ ఎరలతో పెద్ద ట్రౌట్ చేపలను పట్టే పద్ధతికి విస్తృత ప్రచారం కల్పించాడు. 1950లో వెలువడిన ఇతని సాల్ట్ వాటర్ ఫ్లై ఫిషింగ్ అనే గ్రంథం ఆ విషయంపై వచ్చిన తొలి సమగ్ర రచనల్లో ఒకటి.

నేపథ్యం

ఫ్లై ఫిషింగ్ అనేది ఈకలు, వెంట్రుకలు, దారంతో కట్టిన అతి తేలికైన కృత్రిమ ఎరతో చేపలను పట్టే విధానం. సాధారణ గాలంలో ఎర బరువు గాని, సీసపు గుండు బరువు గాని దారాన్ని లాక్కొని దూరంగా పోతుంది. ఫ్లై ఫిషింగులో ఎరకు చెప్పుకోదగిన బరువు ఉండదు. అందువల్ల లావుగా, బరువుగా తయారుచేసిన ప్రత్యేకమైన తాడు, అనగా ఫ్లై లైను, గాలిలో ముందుకు వెనుకకు ఊగి ఎరను మోసుకొనిపోతుంది. కాబట్టి ఈ క్రీడలో కర్ర ఎంత ముఖ్యమో దానికి తగిన లైనును ఎంచుకోవడం అంతకంటే ముఖ్యం. చిన్న ఏటిలో పనికివచ్చే సన్నని లైను సముద్రపు గాలిలో పెద్ద ఎరను మోయలేదు. బ్రూక్స్ జీవితకాలంలోనే ఈ లైన్లు పట్టు నుండి నైలానుకు, అక్కడి నుండి ప్లాస్టిక్ పూతకు మారాయి.

తొలి జీవితం

బ్రూక్స్ 1901లో మేరీలాండ్ రాష్ట్రంలో జన్మించాడు. కుటుంబానికి బాల్టిమోర్ నగరంలో బీమా వ్యాపారం ఉండేది. చిన్ననాటి నుండి ఆటల్లో ప్రతిభ చూపాడు. మేరీలాండ్ నదుల్లోను, చెసపీక్ అఖాతంలోను చేపలు పట్టడం అలవరచుకున్నాడు.

యౌవనంలో ఇతడు మద్యపానానికి బానిసయ్యాడు. ఈ వ్యసనం వలన వ్యాపార జీవితం, తొలి వివాహం రెండూ దెబ్బతిన్నాయి. చివరకు మద్యాన్ని పూర్తిగా వదలిపెట్టి, కెనడాకు చెందిన మేరీని వివాహం చేసుకున్నాడు. తరువాతి కాలంలో ఆమె ఇతని ప్రయాణాలన్నింటిలో తోడుగా ఉంది. పుస్తకాలు, పత్రికా వ్యాసాలు, దూరదేశ యాత్రలతో కూడిన ఇతని ప్రసిద్ధ జీవితమంతా నలభై ఏళ్ల వయసు దాటిన తరువాత నిర్మించుకున్నదే.

రచనా జీవితం ఆరంభం

మేరీలాండ్‌లోని స్థానిక పత్రికలకు చేపల వేటపై శీర్షికలు రాయడంతో బ్రూక్స్ రచనా జీవితం మొదలైంది. 1947లో తొలి గ్రంథం బాస్ బగ్ ఫిషింగ్ వెలువడింది. అదే సంవత్సరం శీర్షిక కోసం సమాచారం సేకరిస్తూ, ఆ ప్రాంతంలో మంచి వేటగాడిగా పేరున్న లెఫ్టీ క్రే అనే యువకుని వద్దకు వెళ్లాడు. ఇద్దరూ పొటోమాక్ నదిలో పడవపై వేటకు దిగారు. అప్పటికి క్రేకు ఫ్లై ఫిషింగ్ తెలియదు. బ్రూక్స్ బ్లాక్ గోస్ట్ అనే స్ట్రీమరుతో వరుసగా బాస్ చేపలను పట్టడం చూసి అతడు ఆశ్చర్యపోయాడు. మరుసటి రోజే బాల్టిమోర్ వెళ్లాడు. అక్కడి టాక్టర్‌మన్ దుకాణంలో బ్రూక్స్ అతనికి ఒక కర్రను, రీలును, జిఎఎఫ్ రకం లైనును ఎంచి ఇప్పించాడు.

ఈ క్రే తరువాత ప్రపంచంలోనే పేరుపొందిన ఫ్లై ఫిషింగ్ గురువు అయ్యాడు. అతడు రూపొందించిన లెఫ్టీస్ డిసీవర్ అనే స్ట్రీమరు చిత్రంతో అమెరికా తపాలా శాఖ 1991లో తపాలా బిళ్ల విడుదల చేసింది. క్రే 2018లో మరణించాడు.

సముద్ర జలాల్లో ఫ్లై ఫిషింగ్

1947లో బ్రూక్స్ ఫ్లోరిడా కీస్ ద్వీపాలలోని ఇస్లమొరాడా వద్ద జిమ్మీ ఆల్‌బ్రైట్ అనే మార్గదర్శకునితో కలిసి లోతులేని నీటిలో తిరిగే బోన్‌ఫిష్ చేపలను ఫ్లైతో పట్టాడు. కంటికి కనబడే చేపను గుర్తించి, దాని ముందు ఫ్లై వేసి, ఉద్దేశపూర్వకంగా పట్టిన తొలి వ్యక్తి ఇతడేనని చాలాకాలం చెప్పుకొన్నారు. అయితే అదే ప్రాంతంలో బిల్ స్మిత్ అనే మార్గదర్శకుడు 1939లోనే బోన్‌ఫిష్‌ను ఫ్లైతో పట్టినట్లు చరిత్రకారులు పేర్కొంటారు. బ్రూక్స్ ప్రాముఖ్యం ఆ చేపను మొదట పట్టడంలో కంటే, అది ఎవరికైనా సాధ్యమేనని దేశమంతటికీ రాసి తెలియజేయడంలో ఉంది.

1948లో ఆరెగాన్ రాష్ట్రంలోని కూస్ బే ప్రాంతంలో 29 పౌండ్ల 6 ఔన్సుల (సుమారు 13.3 కిలోలు) స్ట్రైప్డ్ బాస్‌ను పట్టాడు. కొంతకాలం మయామీలో మెట్రోపాలిటన్ మయామీ ఫిషింగ్ టోర్నమెంటుకు నిర్వాహకుడుగా పనిచేశాడు. 1960ల మధ్యలో ఆ పదవి క్రేకు లభించడానికి కూడా బ్రూక్స్ తోడ్పడ్డాడు. 1961లో స్టూ ఆప్ట్ మార్గదర్శకత్వంలో 148.5 పౌండ్ల (సుమారు 67 కిలోలు) టార్పన్‌ను ఫ్లైతో పట్టి రికార్డు నెలకొల్పాడు.

లైన్ల ఎంపిక

బ్రూక్స్ వేట మొదలుపెట్టిన కాలంలో ఫ్లై లైన్లను పట్టుతో అల్లి నూనె పట్టించేవారు. అవి నీటిపై తేలాలంటే కొవ్వు పూయాలి, వేట ముగిశాక విప్పి ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే కుళ్లిపోయేవి. ఉప్పునీటి వేటలో ఈ శ్రమ మరింత ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నైలాను లైన్లు, 1950లలో ప్లాస్టిక్ పూత గల లైన్లు రావడంతో ఈ ఇబ్బంది తొలగింది. సముద్రంలో ఫ్లై ఫిషింగ్ వ్యాపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఆనాడు లైన్లను అక్షరాలతో గుర్తించేవారు. ఒక్కొక్క అక్షరం లైను మందాన్ని తెలుపుతుంది. ఎ అనగా అంగుళంలో 0.060 వంతు, డి అనగా 0.045, ఎఫ్ అనగా 0.035, జి అనగా 0.030, హెచ్ అనగా 0.025. హెచ్‌డిహెచ్ అంటే రెండు కొనలూ సన్నగా, మధ్యభాగం లావుగా ఉండే లైను. జిఎఎఫ్ అంటే కొన సన్నగా ఉండి, దాని వెనుక లావైన భాగం, ఆపైన మళ్లీ సన్నని భాగం ఉండే లైను. ఇందులో బరువంతా ముందు భాగంలోనే ఉంటుంది. గాలిలో వేగంగా, దూరంగా వేయడానికి, పెద్ద ఫ్లైలను మోయడానికి ఇది అనుకూలం. బ్రూక్స్ క్రేకు ఇప్పించిన లైను ఈ రకానిదే. నేటి లెక్కలో అది 8 లేదా 9 నంబరుకు దగ్గరగా ఉంటుంది.

నైలాను వచ్చాక అక్షరాల పద్ధతి పనికిరాకుండా పోయింది. నైలాను పట్టుకంటే తేలిక. కాబట్టి ఒకే మందం గల రెండు లైన్లు వేర్వేరు బరువులు తూగేవి. కర్రను వంచేది లైను మందం కాదు, బరువు. అందుచేత 1960ల ఆరంభంలో అమెరికా వేట సామగ్రి తయారీదారుల సంఘం కొత్త ప్రమాణాన్ని తెచ్చింది. దీని ప్రకారం లైను మొదటి 30 అడుగుల బరువును గ్రెయిన్లలో తూచి నంబరు ఇస్తారు. 6వ నంబరుకు 160 గ్రెయిన్లు, 8కి 210 (సుమారు 13.6 గ్రాములు), 9కి 240, 10కి 280, 12కి 380 గ్రెయిన్లు. నదిలో స్ట్రీమర్లకు సాధారణంగా 6 నుండి 8 వరకు, బోన్‌ఫిష్‌కు 8, పెద్ద టార్పన్‌కు 11 లేదా 12 నంబర్లు వాడతారు.

నంబరుతో పాటు తేలే లైనా, మునిగే లైనా అన్నది కూడా చూడాలి. లోతులేని సముద్ర జలాల్లో తేలే లైను చాలు. లోతైన నదిలో అడుగున ఉండే పెద్ద ట్రౌట్ వద్దకు స్ట్రీమరును చేర్చాలంటే మునిగే లైను కావాలి. నీటి ఉష్ణోగ్రత కూడా ముఖ్యమే. చల్లని నీటికోసం చేసిన మెత్తని పూత ఉష్ణమండలపు ఎండలో జిగురుగా మారి కర్ర కడియాలకు అంటుకుంటుంది. వేడి ప్రాంతాలకు చేసిన గట్టి పూత చల్లని నీటిలో బిరుసెక్కి చుట్టలు చుట్టుకుంటుంది. బోన్‌ఫిష్ ఒక్క పరుగులో 100 గజాలు దాటి పోగలదు గనుక, సుమారు 30 గజాల ఫ్లై లైను వెనుక సన్నని అదనపు దారం చాలినంత ఉండాలి. మందంలో తేడా గల రెండు దారాలను కలపడానికి వాడే ఆల్‌బ్రైట్ ముడికి జిమ్మీ ఆల్‌బ్రైట్ పేరే వచ్చింది.

స్ట్రీమర్లు, నదుల వేట

బ్రూక్స్ వేసవి కాలాలను ఎక్కువగా మోంటానా రాష్ట్రంలో గడిపేవాడు. లివింగ్‌స్టన్ పట్టణంలో 1938లో ఫ్లై దుకాణం ప్రారంభించిన డాన్ బెయిలీ ఇతని సన్నిహిత మిత్రుడు. కెనడాలో డాన్ గేపెన్ రూపొందించిన మడ్లర్ మిన్నో అనే ఫ్లైకి వీరిద్దరూ మంచి ప్రచారం కల్పించారు. యెల్లోస్టోన్ నది గురించి బ్రూక్స్ రాసిన వ్యాసాలు ఎందరినో ఆ ప్రాంతానికి రప్పించాయి.

జింక తోక వెంట్రుకలను కొక్కెపు తోక వద్ద ఒక కట్టగా, తల వద్ద మరొక కట్టగా కట్టే బ్లాండ్ వరుస స్ట్రీమర్లను ఇతడు ప్రచారంలోకి తెచ్చాడు. పొడవుగా కనబడినా ఇవి తేలికగా ఉండి, నీటిని ఎక్కువగా పీల్చుకోవు. అందువల్ల అదే నంబరు లైనుతో వీటిని సులభంగా దూరంగా వేయవచ్చు. వీటిని సముద్రపు చేపలకూ, నదులలోని ట్రౌట్‌కూ ఒకేలా వాడాడు. తేలే లైనును నీటిపై సరిచేస్తూ, ఫ్లై ప్రవాహానికి అడ్డంగా నెమ్మదిగా కొట్టుకొనిపోయేలా చేసే పద్ధతిని కూడా వివరంగా బోధించాడు. పెద్ద చేపకు ఫ్లై పక్కభాగం పూర్తిగా కనబడడం ఇందులోని కిటుకు.

1950లలో అర్జెంటీనాలోని పటగోనియా నదులకు వెళ్లి, అక్కడి పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపల గురించి అమెరికా పాఠకులకు తెలియజేశాడు. 1964లో కర్ట్ గౌడీతో కలిసి అర్జెంటీనాలో చేసిన వేట ఏబీసీ టెలివిజన్‌లో ప్రసారమైంది. దానికి లభించిన ఆదరణ ఫలితంగా 1965లో ది అమెరికన్ స్పోర్ట్స్‌మన్ అనే కార్యక్రమం ప్రారంభమైంది.

చివరి రోజులు

1960ల చివర బ్రూక్స్ అవుట్‌డోర్ లైఫ్ పత్రికకు మత్స్యవేట సంపాదకుడయ్యాడు. 1972లో ఇతని చివరి ప్రధాన గ్రంథం ట్రౌట్ ఫిషింగ్ వెలువడింది. అదే సంవత్సరం మరణించాడు. ఇతని సమాధి మోంటానాలోని ప్యారడైజ్ లోయలో ఉంది. యెల్లోస్టోన్ నది ఆ లోయ గుండానే ప్రవహిస్తుంది.

ప్రభావం

బ్రూక్స్ కొత్త లైనును గాని, కొత్త కర్రను గాని కనిపెట్టలేదు. ఉన్న సామగ్రిలో దేనిని ఏ నీటికి, ఏ చేపకు, ఏ ఫ్లైకి వాడాలో స్వయంగా పరీక్షించి, సామాన్యునికి అర్థమయ్యే భాషలో చెప్పడం ఇతని ప్రత్యేకత. ఫ్లై ఫిషింగ్ సంపన్నుల ట్రౌట్ వేట మాత్రమేనన్న అభిప్రాయం మారడానికి ఇతని రచనలు తోడ్పడ్డాయి. లెఫ్టీ క్రే ద్వారా ఇతని బోధన తరువాతి తరాలకు అందింది.

ముఖ్య రచనలు

* బాస్ బగ్ ఫిషింగ్ (1947)
* సాల్ట్ వాటర్ ఫ్లై ఫిషింగ్ (1950)
* ది కంప్లీట్ బుక్ ఆఫ్ ఫ్లై ఫిషింగ్ (1958)
* ఎ వరల్డ్ ఆఫ్ ఫిషింగ్ (1964)
* సాల్ట్ వాటర్ గేమ్ ఫిషింగ్ (1968)
* ట్రౌట్ ఫిషింగ్ (1972)