కతర్‌గామ్‌లో సమాధి, మలబారులో జీవితకృషి: హెండ్రిక్ వాన్ రీడ్

సూరత్‌లోని కతర్‌గామ్ దర్వాజా సమీపంలో డచ్చివారి పాత శ్మశానవాటిక ఉంది. అక్కడి సమాధులలో అన్నిటికన్నా పెద్దది, గుమ్మటంతో చిన్న మందిరంలా కనిపించేది హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడ్‌ది. వజ్రాల సానకు పేరుపడిన ఈ ప్రాంతంలో, ఆకుల ఈనెలను కూడా విడువకుండా చిత్రింపజేసిన ఒక అధికారి శాశ్వతనిద్రలో ఉన్నాడని తెలిసినవారు తక్కువ.

1636లో నెదర్లాండ్స్‌లోని కులీన కుటుంబంలో జన్మించిన వాన్ రీడ్ ఇరవై ఏళ్లకే డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీలో సైనికుడిగా చేరాడు. పోర్చుగీసుల నుంచి కొచ్చిన్‌ను గెలుచుకున్న పోరులో పాల్గొని, తరువాత మలబారు పాలనాధిపతి అయ్యాడు. విద్యాలయంలో వృక్షశాస్త్రం చదివినవాడు కాడు. మలబారు అడవుల పచ్చదనమే అతన్ని ఆ దారి పట్టించింది.

ఆ ఆసక్తి వెనుక రాజకీయమూ లేకపోలేదు. తూర్పు దేశాలలోని కంపెనీ ఉద్యోగులకు మందులు ఐరోపా నుంచి వచ్చేవి. వాటిలో ఎన్నో మొదట ఆసియా నుంచే అక్కడికి వెళ్లినవి. ఓడల ప్రయాణంలో సారం కోల్పోయిన మూలికలకు అధిక ధర చెల్లించడం వ్యర్థమని వాన్ రీడ్ భావించాడు. సింహళాన్ని పెద్ద కేంద్రం చేయాలని పట్టుబట్టిన పై అధికారి వాన్ గూన్స్‌కు, మలబారు సంపదను చాటే ఈ ప్రయత్నం రుచించలేదు.

అసలు విద్య స్థానికులదే. వైద్యుడు ఇట్టి అచ్యుతన్ తన వంశంలో తాళపత్రాలపై నిలిచిన ఔషధ జ్ఞానాన్ని అందించాడు. కొంకణి పండితులు రంగ భట్, వినాయక పండిట్, అప్పు భట్ మొక్కల గుణాలను వివరించారు. అడవుల నుంచి కొమ్మలు, పూలు, కాయలు తెచ్చేవారు వేరు. చిత్రకారులు వాటిని వాడిపోకముందే గీయాలి. కెమెరా పుట్టడానికి శతాబ్దంన్నరకు పైగా ముందు మాట ఇది. నేడు పగటి వెలుగులో ఆకుకు అతి చేరువగా కటకం నిలిపి ఛాయాచిత్రం తీసేవారు వెతికే అంచు, ఈనె, కాడ ఆ చిత్రాలలో సిరాగీతలుగా కనిపిస్తాయి. రంగులు మాత్రం లేవు. ముద్రణకు రాగి పలకలపై చెక్కినవి కదా.

‘హోర్టస్ మలబారికస్’ పేరుతో 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలు వెలువడ్డాయి. అందులో 742 మొక్కలు, దాదాపు 790 చిత్రాలు ఉన్నాయి. మొదటి మొక్క కొబ్బరి. చిత్రాలపై పేర్లు లాటిన్‌తో పాటు మలయాళ, అరబీ, నాగరి లిపులలోనూ అచ్చయ్యాయి. సాయపడిన వైద్యుల వాంగ్మూలాలను మొదటి సంపుటిలో చేర్చడం ఆ కాలపు కంపెనీ అధికారుల నుంచి ఊహించని మర్యాద. తరువాత లినేయస్ ఈ గ్రంథంపై ఎంతగానో ఆధారపడ్డాడు. నేటికీ కొన్ని మొక్కల శాస్త్రీయ నామాలకు ఇందులోని చిత్రమే ప్రమాణం.

1684లో కంపెనీ అతన్ని సర్వాధికారాలుగల తనిఖీ కమిషనర్‌గా నియమించింది. కేప్, సింహళం, వంగం, కోరమండల్ తీరాలలో ఉద్యోగుల అవినీతిని విచారించడం అతని పని. తెలుగువారు వలందావారని పిలిచిన డచ్చివారి మచిలీపట్నం స్థావరమూ ఆ పరిధిలోనిదే. వలందపాలెం అనే పేరు ఆ ఊళ్లో నేటికీ వినిపిస్తుంది. ఇలాంటి పదవి మిత్రులను సంపాదించి పెట్టదు.

కొచ్చిన్ నుంచి సూరత్‌కు ఓడలో వస్తుండగా 1691 డిసెంబరు 15న వాన్ రీడ్ సముద్రంపైనే మరణించాడు. 1692 జనవరి 3న సూరత్‌లో ఖననం జరిగింది. గ్రంథపు చివరి సంపుటిని అతడు చూడలేదు. కేరళ వృక్షశాస్త్రజ్ఞుడు కె.ఎస్. మణిలాల్ దశాబ్దాలు శ్రమించి చేసిన ఆంగ్లానువాదం 2003లో, మలయాళానువాదం 2008లో వెలువడ్డాయి. ఇట్టి అచ్యుతన్ చెప్పిన సంగతులు ఆ విధంగా లాటిన్ నుంచి అతని మాతృభాషకు తిరిగి చేరడానికి 330 ఏళ్లు పట్టింది. కతర్‌గామ్‌లోని సమాధి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది.