పెదవులను మాత్రమే చూచిన ఏలీ
(1 సమూయేలు 1:9–18 చదువుడి)



రేపల్లె నుండి వచ్చి తెనాలిలో బండి మారి మద్రాసు వైపు పోవువారు, బాపట్ల దాటగానే స్టువార్టుపురము స్టేషను చూతురు. ఆ పేరు కనబడగానే కాళ్లయొద్దనున్న పెట్టెను దగ్గరకు లాగుకొనువారిని నేనెరుగుదును. ఒకమారు నేనును లాగుకొంటిని. ఎదుటి బల్లపైనున్న మనిషి యెవరో, ఏ యూరివాడో నాకు తెలియనే తెలియదు.

1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన చట్టము కొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించెను. ఎరుకలవారి కొరకు సాల్వేషన్ ఆర్మీవారి ఆధ్వర్యమున ఏర్పడిన సెటిల్మెంటే ఈ స్టువార్టుపురము. 1952లో ఆ చట్టము రద్దయినది. మన చేయి మాత్రము ఇంకను పెట్టెమీదనే యున్నది.

1970వ దశకములో ఆ యూరివారి మధ్యకు పోయి పనిచేసిన హేమలతా లవణముగారు నాస్తికులైన గోరాగారి కోడలు, మహాకవి గుఱ్ఱము జాషువాగారి కుమార్తె. తండ్రి కథ తెలిసినవారికి ఆమె అక్కడకు పోవుట వింతగా తోచదు.

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగవారు. బిడ్డ క్రైస్తవుడుగా పెరిగెను. బడిలోనే అవమానములు మొదలైనవి. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికేల రానిచ్చితిరని కొందరు లేచిరి. పద్యమెట్లున్నదో వారికక్కరలేకపోయెను.

ఇది పరులు చేసినది. మనవారు చేసినది చెప్పుటకు కొంచెము కష్టముగా నున్నది. ఆయన సంస్కృత కావ్యములు నేర్చి, పురాణములు చదువుచున్నారని విని, క్రైస్తవ పెద్దలు ఆయనను మతభ్రష్టుడని వెలివేసిరి. హన్నా పెదవులు కదలుట చూచి ఏలీ యాజకుడు ఆమె త్రాగి మత్తిల్లినదని తలంచెను గదా! ఆయన కన్నులు అబద్ధము చెప్పలేదు. పెదవులు నిజముగానే కదలినవి. అయినను ఏలీలో ఒక మంచి గలదు. ఆమె బదులు చెప్పగా ఆలకించెను, అచ్చటనే దీవించి పంపెను. జాషువాగారి మాట ఆలకించిన పెద్దలెందరు?

మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతపు పని పోయిన పిమ్మట ఆయన రాజమండ్రి పోయి, మూగ చిత్రములకు తెర ప్రక్కన కథ చదివి పొట్ట పోసికొనిరి. న్యాయముగా ఇదియు చెప్పవలెను: గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయము ఆయనకు పదియేండ్లు పని యిచ్చెను. 1941లో గబ్బిలము వెలువడెను. అందులో అంటరానివాడు తన మొరను కాశీలోని శివునికి గబ్బిలముచేత పంపును. గుడిలోనికి పోవుటకు దానికి అడ్డులేదు, వానికున్నది. బ్రాహ్మణ పండితులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి.

మతభ్రష్టుడనిపించుకొనిన ఆ కవియే క్రీస్తు చరిత్ర రచించిరి. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 1971 జూలై 24న ఆయన గుంటూరులో కన్నుమూసిరి. తెలుగు పద్యములో మన ప్రభువు చరిత్ర చెప్పిన ఆ గ్రంథము మన యిండ్లలో ఎన్నింట నున్నదో నేను లెక్క తీయలేదు. మా యింట మొన్నటివరకు లేదు.